చించకూడని పేజీ

నిజామాబాద్ మార్కెట్ యార్డుకు దగ్గరలో, దుకాణాల వరుస పై అంతస్తులో ఉన్న ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో నేను కొన్నేళ్లు పనిచేశాను. పసుపు సీజన్ వచ్చిందంటే మాకు ఊపిరాడేది కాదు. యార్డులో రైతులు పోసిన కుప్పల్లోంచి వ్యాపారులు గుప్పెడు కొమ్ములు తీసి, కవరులో వేసి పైకి పంపేవారు. అందులో తేమ ఎంతుందో, రంగు కలిసిందో లేదో చెప్పడం మా పని. మాది మాక్లూర్. రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ అయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం అదే. ల్యాబులో ఉండేది నేనూ, ఇన్‌చార్జి సారూ, ఇద్దరమే.

సారుది బోధన్ వైపు. కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. కుర్రతనంలో చెరకు రసం పరీక్షించే పనితో మొదలుపెట్టి ఇందులోనే జుట్టు నెరిసిన మనిషి. నేను చేరిన రోజే పేజీలకు నంబర్లు వేసిన లావుపాటి కుట్టు పుస్తకం ఒకటి చేతికిచ్చి, పెన్సిల్ ముట్టుకోవద్దన్నారు. చూసింది చూసినట్టు అప్పుడే రాయాలి, చిత్తు కాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కించకూడదు. తప్పు రాస్తే కింది అక్షరాలు కనపడేలా ఒక్క గీత కొట్టి పక్కన తేదీ, సంతకం పెట్టాలి. ఏ సీసాలోది వాడాం, ఏ గిన్నెలో కాల్చాం, అన్నీ రాయాలి. పేజీ మాత్రం చించకూడదు. మొదట్లో ఇదంతా చాదస్తమనిపించేది. రానురాను చేతికి అలవాటైపోయింది.

ఆ రోజు పొద్దున వచ్చిన కవరు ఏర్గట్ల దిక్కు నుంచి వచ్చిన ఒక మహిళా రైతుది. పసుపుకు మెరుపు రావడానికి కొందరు లెడ్ క్రోమేట్ అనే విషపు రంగు పట్టిస్తారు. అది ఉందో లేదో చూడాలంటే పసుపు పొడిని చిన్న పింగాణీ గిన్నెలో పెట్టి కొలిమిలో బూడిద చేస్తాం. బూడిదను పలుచటి ఆమ్లంలో కరిగించి, వడకట్టి, ఒక మందు చుక్కలు వేస్తాం. గులాబీ రంగు తేలిందంటే విషం ఉన్నట్టు. పక్కన ఏమీ వేయని ఖాళీ గిన్నెతోనూ ఇదే పని చేస్తాం. అందులో రంగు రాకూడదు. ఆ పొద్దున ఆమె పసుపులో గులాబీ రంగు తేలింది. ఖాళీ గిన్నెలో ఏ రంగూ రాలేదు. పసుపు నాలుగో నంబరు గిన్నెలో, ఖాళీది రెండో నంబరు గిన్నె అని రాసి, కింద రంగు తేలినట్టు రాశాను. ఇంకోసారి చేద్దామా సార్ అని అడిగాను. వ్యాపారి లారీ పెట్టుకుని కూర్చున్నాడని సారు వెంటనే ఫోన్ చేసి చెప్పేశారు.

మధ్యాహ్నం కాకముందే ఆమె మెట్లెక్కి వచ్చింది. మా అమ్మ వయసుంటుంది. గోళ్ల సందుల్లోకి పసుపు ఇంకిపోయిన చేతులు. యార్డులో పదిమంది ముందర ఆమె కుప్పను రంగు పోసిన సరుకని వ్యాపారి మైకులో చెప్పించాడట. పక్క కుప్పల వాళ్లు తమ బస్తాలు అవతలికి జరుపుకున్నారట. ఆమె గొంతు పెంచలేదు. గడపలో నిలబడి అడిగింది.

"నా పసుపు సూసింది ఎవలు?"

నేనే చూసిన అవ్వా అన్నాను.

"గదే పసుపు పాలల్ల ఏసి నా మనుమరాలికి తాపుత. నా సేతులతోని దానికి విషం తాపుతున్ననా? మల్ల సూడు బిడ్డా. నా ముంగట సూడు."

వాదిస్తే ఫలితాలు మారవని సారు సర్దిచెప్పబోయారు. ఆమె వినలేదు, గొడవా పడలేదు. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. నేను పుస్తకం తెరిచి పొద్దుటి పేజీ మళ్లీ చదివాను. పసుపు నాలుగులో, ఖాళీది రెండులో. రంగు పసుపుది కాక నాలుగో గిన్నెదేమో అన్న అనుమానం అప్పుడు కలిగింది. గిన్నెలు మార్చి చేస్తానని సారును అడిగాను. ఆయన ఆమె వైపు చూసి, వ్యాపారి పంపిన కవరులోంచే తీసి చెయ్యమన్నారు.

కొలిమిలో బూడిద అయ్యేదాకా ముగ్గురం ఆ గదిలోనే ఉన్నాం. ఫోన్ మోగుతూనే ఉంది. వ్యాపారి సగం మరాఠీలో, సగం తెలుగులో రిపోర్టు కాగితం ఎప్పుడిస్తారని అడుగుతున్నాడు. అవ్వ కొలిమి మీది ఎర్ర దీపం మీంచి చూపు తిప్పలేదు. మంచినీళ్లిస్తే పక్కన పెట్టుకుంది, తాగలేదు. ఈసారీ గులాబీ రంగే వస్తే ఈ మనిషి ముఖం ఎలా చూడాలి? రాకపోతే పొద్దున పోయిన ఫోన్ సంగతేమిటి? రెండూ భయంగానే ఉన్నాయి.

చుక్కలు వేశాను. రెండో నంబరు గిన్నెలో కాల్చిన ఆమె పసుపు నీళ్లలా ఉండిపోయింది. నాలుగో నంబరు ఖాళీ గిన్నెది నా కళ్ల ముందే గులాబీ రంగు తిరిగింది.

సారు ఆ గిన్నెను కిటికీ దగ్గరికి తీసుకుపోయారు. లోపలి నునుపు మీద వెంట్రుకంత పగులు. అంతకుముందు గిన్నెలన్నీ ఆయనే కడిగారు, తన కాలం నాటి పద్ధతిలో, క్రోమిక్ ఆమ్లంతో. అది పగుల్లో ఇంకి ఉండిపోయింది. మేం వెతికే విషపు రంగులోనూ ఉండేది అదే క్రోమియం. ఆయన నన్ను లోపలి గదిలోకి పిలిచి గొంతు తగ్గించి మాట్లాడారు.

"వచ్చేవారం తనిఖీ ఉందమ్మా. కొత్త పుస్తకం తీసి ఈ నెలంతా ఎత్తి రాసేద్దాం. పొద్దుటిది వదిలేసి ఇప్పుడొచ్చిందే రాయి. పసుపు మంచిదే కదా, మనం రాసేది అబద్ధమేం కాదు."

ఆ పుస్తకం ఎలా రాయాలో నేర్పింది ఆయనే. లైసెన్సు పోతే నా ఉద్యోగమూ పోతుంది. నేనేదో అనేలోపు తలుపు దగ్గర నుంచి అవ్వ మాట వినిపించింది.

"సింపేయ్ బిడ్డా. నా పేరు మీద గా మాట ఉండొద్దు. రేపు ఎవలన్న సూస్తే ఏమైతది?"

ఇద్దరూ ఒకే మాట అడుగుతున్నారు. ఆయనకు తన తప్పు కనపడకూడదు, ఆమెకు తన మీద పడిన నింద కనపడకూడదు. నేను ఆమెకే జవాబు చెప్పాను. సారు వింటున్నారని నాకు తెలుసు.

"సింపితే తప్పు మా గిన్నెదని సెప్పేటిది గూడ పోతది అవ్వా. రేపు గా వ్యాపారి పొద్దున ఒక మాట, మాపుకు ఒక మాట ఎందుకన్నరని అడిగితే సూపెట్టనీకి ఏముంటది? పైన ఉన్నది ఉండనీ. గది ఎట్ల తప్పయిందో కింద రాస్త. నీ ముంగట్నే రాసి సదివి ఇనిపిస్త."

ఆమె రాయమంది. పొద్దుటి ఫలితం మీద ఒక్క గీత కొట్టాను. గీత కొంచెం వంకరపోయింది. గిన్నెలు మార్చి చేసిన పరీక్ష, ఖాళీ గిన్నెలో తేలిన రంగు, లోపలి పగులు, అన్నీ వరసగా రాసి గట్టిగా చదివాను.

"నా పసుపు మంచిదని ఉన్నదా?" అని అడిగింది.

ఉన్నదన్నాను.

"తప్పు మీ గిన్నెదని?"

అదీ ఉన్నదన్నాను.

సారు నా పెన్ను తీసుకుని, గిన్నెలు కడిగింది తానేనని, దేనితో కడిగారో కూడా రాసి సంతకం పెట్టారు. ఆమె ఎదుటే వ్యాపారికి ఫోన్ చేసి పొరపాటు మాదని చెప్పారు. అయినా యార్డులో ఆ రోజు ఆమె కుప్పకు ఎవరూ వేలం పాట పాడలేదు. మర్నాడు ఇంకో వ్యాపారి కొన్నాడని తెలిసింది.

పని అక్కడితో అయిపోలేదు. నాలుగో నంబరు గిన్నె అంతకుముందు ఎవరి పసుపుకు వాడామో పేజీలు వెనక్కి తిప్పి చూశాను. బాల్కొండ దిక్కు రైతు ఒకతనిది దొరికింది. దానికీ గులాబీ రంగు తేలిందని నేనే రాశాను. ఆయన మారు మాట్లాడకుండా బస్తాలు ఇంటికి తీసుకుపోయాడు. ఫోన్ చేసి ల్యాబు పేరు చెప్పగానే పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. అదీ పుస్తకంలో రాశాను.

తనిఖీకి వచ్చిన అధికారి ఆ రెండు పేజీల దగ్గరే ఆగిపోయాడు. వంకర గీత మీద వేలు పెట్టి చదివాడు. సారును కూర్చోబెట్టి చాలా ప్రశ్నలు వేశాడు. ఒక్కదానికీ సారు తప్పించుకునే జవాబు చెప్పలేదు. నేను గోడ పక్కన నిలబడి, ఉద్యోగం పోతే ఇంటికి పోయి మా బాపుకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. చివరికి ఆ అధికారి క్రోమిక్ ఆమ్లం వాడకం ఆపించాడు, పగిలిన గిన్నెలు పారవేయించాడు. బాల్కొండ రైతుకు సరిచేసిన రిపోర్టు పంపాలని రాసి పోయాడు. లైసెన్సు నిలిచింది.

కవరులో మిగిలిన అతని పసుపును కొత్త గిన్నెలో మళ్లీ చేస్తే రంగు రాలేదు. ఆ రిపోర్టు పోస్టులో పంపాం. వానలు మొదలయ్యాక ఒకరోజు ఆ రైతే దాన్ని పట్టుకుని వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. కవరులోంచి కాగితం తీసి సారు ముందు పెట్టాడు.

"నా సరుకు రంగుదని మైకుల జెప్పిండ్రు. ఊర్ల పిల్లగాండ్లు సుత నన్ను రంగాయన అంటుండ్రు. మరి గీ కాగితం ఏ మైకుల సదువుతరు?"

సారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. కొలిమి ఆపకుండా చూసుకోమని నాతో చెప్పి, చెప్పులు వేసుకుని ఆ రైతుతో పాటు మెట్లు దిగిపోయారు. బాల్కొండ బస్సెక్కి ఆ రైతు ఊరికి వెళ్లి, పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి ఆ కాగితం నలుగురిలో చదివారట. ఆ సంగతి మర్నాడు అడిగితే చెప్పారు. విన్నవాళ్లు ఏమన్నారు సార్ అన్నాను.

"కొందరు విన్నారు, కొందరు లేచిపోయారు" అని, ఆ పూట వచ్చిన కవర్లు నా ముందుకు జరిపారు.