అన్ని రిపోలకూ ఒకే న్యాయం

అకాల వర్షానికి మిరప కల్లాలు కొట్టుకుపోవడం మీరు చూసే ఉంటారు. ఒక్క సేవ్ బటన్‌కు పెళ్లి కొట్టుకుపోబోవడం చూశారా? నేను చూశాను. చూడ్డమేంటి, ఆ బటన్ నొక్కిన మహానుభావుణ్ని నేనే!

అప్పట్లో నా ల్యాప్‌టాప్‌లో రెండు వెబ్‌సైట్ల కోడు, రెండు రిపోజిటరీల్లో ఉండేది. రిపో అంటే ఒక్కో సైటు కోడు విడిగా దాచుకునే ఫోల్డరు. ఒకటి నరసరావుపేటలో మేం నడిపే హేతువాద వేదికది. రెండోది గురజాల బాబాయ్ కూతురి పెళ్లి శుభలేఖది. వేదికకు వ్యాసాలు పంపేవాళ్లు కూడా అలవాటుకొద్దీ ‘దైవకృపతో’ అని రాస్తుంటే ఒళ్లు మండి, కోడు రాసుకునే ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సెట్టింగ్ పెట్టాను. సేవ్ నొక్కగానే ‘దైవకృపతో’ పోయి ‘సొంత కష్టంతో’ వస్తుంది. ‘శుభముహూర్తం’ పోయి ‘ఆధారం లేని సమయం’ వస్తుంది. నా ఉపన్యాసాలన్నీ కలిపినా చేయలేని సంస్కరణ, ఒక్క నొక్కుతో!

వేదికలో కోడు రాసే శ్రావణి అది చూసి కంగారుపడింది.

“అన్నా, ఆ సెట్టింగ్ ఈ రిపో వరకే పెట్టు. దేనిది దానికే ఉండాల.”

“ఏందమ్మా, రిపోల మధ్య కూడా రెండు గ్లాసుల పద్ధతా? దీనికో న్యాయం, దానికో న్యాయమా?”

“ఇది టీకొట్టు కాదన్నా, ఎడిటరు!”

వింటానా? ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారంటారు. ఈ ఉలిపికట్టె ఊరందర్నీ తన దారికే ఈడ్చింది. సెట్టింగ్ అన్ని రిపోలకూ పెట్టేశాను. శుభలేఖలో ఫోటో ఒకటి మార్చి, సేవ్ కొట్టి, సైట్‌లో పెట్టి, లింకు బంధువులందరికీ పంపాను.

బాబాయ్ ఫోను.

“ఒరేయ్! నా కూతురు పెళ్లి ఆధారం లేని సమయంలోనా?”

లింకు తెరిచాను. ‘సొంత కష్టంతో మా కుమార్తె వివాహం. ఆధారం లేని సమయం: తెల్లవారుజామున 4.40.’

“కష్టం నీదే కదా బాబాయ్...”

“నోర్ముయ్! కారంపూడి వియ్యంకుడు చూశాడు. సంబంధం తప్పిపోతే నిన్ను కల్లంలో కాయలతోపాటు ఎండబెడతా. అక్కడికే పద, నేనూ వస్తున్నా!”

కారంపూడిలో పెళ్లికొడుకు తండ్రి అన్నదమ్ములతో కొలువుతీరి ఉన్నాడు. నేను లోపల్లోపల వాదనలకు పదును పెట్టుకుంటున్నాను.

“ఆ మాట రాసింది నువ్వేనా?”

“నేనే మామయ్యా.”

“కూర్చో. నాకూ మొదట్నుంచీ అదే అనుమానం.”

నా ఛాతీ బూరెలా పొంగింది. కారంపూడిలో హేతువాది! “అంటే ముహూర్తాలకు ఆధారం లేదంటారు!”

“ముహూర్తాలకు కాదయ్యా, ఈ ముహూర్తానికి! మీ పంతులు లెక్క తప్పాడు. నువ్వు ధైర్యంగా బయటపెట్టావు గనక సరిపోయింది. మాచర్ల నుంచి ఇంకో పంతుల్ని పిలిపించాం. చానా గట్టి ముహూర్తం పెట్టాడు. దోషానికి హోమం కూడా ఉంది. ఇంత తెలిసినోడివి, నువ్వే దగ్గరుండి జరిపించాల!”

బాబాయ్ నా వీపు మీద చరిచాడు, మురిపెంగా.

పెళ్లి ఘనంగా జరిగింది. ఒకరితో అయిపోయే పెళ్లికి ఇద్దరు పంతుళ్లు, పైన హోమం. అందులో నెయ్యి పోసింది నేను. పల్నాడులో పురోహితులకు ఇంత ఉపాధి ఏ భక్తుడూ కల్పించి ఉండడు.

అందుకే ఇంకా పొగకు మండుతున్న ఈ కళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ రిపో సెట్టింగు ఆ రిపోలోనే. కులాల మధ్య గోడలు కూలుస్తాను, మతాల మధ్య గోడలు కూలుస్తాను. ఫోల్డర్ల మధ్య గోడను మాత్రం ప్రాణం పోయినా ముట్టను!