నాలుగో చెడ్డ బ్లాకు

మా ఎల్లేష్‌కు నోట్లో నాలుక లేదు. ఈ మాట వాడి మొహం మీదే ఎన్నోసార్లు అన్నాను. నవ్వి ఊరుకుంటాడు. గుంటూరు నుంచి వచ్చి చేరిన నన్ను, కృష్ణప్రసాద్ గారూ అనకుండా మొదటిరోజే అన్నా అన్నవాడు. అంత చనువున్నా నోరు తెరిస్తే రెండు ముక్కలే.

రెండువేల సంవత్సరంలో బేగంబజార్‌లో, గిన్నెల దుకాణం మీది అంతస్తులో మా చిన్న కంపెనీ ఉండేది. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్ల రీడింగులు ఎక్కించుకునే చేతి మిషన్లు చేసేవాళ్లం. బోర్డులు తయారుచేయడం నా పని. ఆ బోర్డు మీది ఫ్లాష్ చిప్పులో రీడింగులు పోకుండా దాచే డ్రైవరు ప్రోగ్రాము రాయడం ఎల్లేష్ పని. వాడు రాసింది సరిగ్గా నడుస్తోందో లేదో పరీక్షించడం సుజన పని. ఆమె తండ్రి ఆర్టీసీలో మెకానిక్కు, ఇల్లు గుడిమల్కాపూర్ మార్కెట్ వెనక గల్లీలో. తప్పు దొరికిందా, "ఏంది ఎల్లేష్, గిట్లనా రాసేది?" అని అందరి ముందూ కడిగేసేది. వాడికి ఆ తిట్లంటే ప్రాణం.

ఫ్లాష్ చిప్పు సంగతి కాస్త చెప్పాలి. అందులో జాగా బ్లాకులు బ్లాకులుగా ఉంటుంది. ఒక్క అక్షరం చెరపాలన్నా కుదరదు, పలకంతా తుడిచినట్టు బ్లాకంతా తుడవాల్సిందే. కొన్ని బ్లాకులు ఫ్యాక్టరీ నుంచే చెడిపోయి వస్తాయి. వాటి అంచున ఒక గుర్తు పెట్టి పంపిస్తారు. ఆ గుర్తు కనబడితే ఎల్లేష్ డ్రైవరు దాన్ని చదవదు, రాయదు, తుడవదు. "చెడ్డదాని జోలికి పోవద్దన్నా, గంతే" అనేవాడు గొప్పగా. సుజన దగ్గర మాత్రం డ్రైవరుతో పనిలేకుండా నేరుగా చిప్పులో రాసే ప్రోగ్రాము ఒకటుండేది. డ్రైవరు తప్పులు పట్టాలంటే అది ఉండాలి.

వాళ్లిద్దరికీ ఒక అలవాటుండేది. పరీక్షకని చిప్పులో ఏదో ఒకటి నింపాలి కదా, అంకెలకు బదులు కబుర్లు నింపేవారు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో. చాయ్‌కి పోదమా, సార్ ఇయ్యాల గరం మీదున్నడు, ఇలాంటివి. సాయంత్రం ఆరింటికి పరీక్ష నడిచి చిప్పంతా తుడిచేసేది, కబుర్లూ పోయేవి. నాకు తెలుసు, తెలియనట్టే ఉండేవాణ్ణి.

ఎండాకాలం మొదట్లో ఒక గురువారం వాడు చెమటలు కక్కుకుంటూ నా దగ్గరకొచ్చాడు.

"అన్నా, సుజనను అడిగేసిన."

"నోటితోనేనా?"

"బోర్డుల రాసిన. మీ ఇంట్ల మాట్లాడాల్నా అని."

నీ తెలివి తెల్లారినట్టే ఉంది అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం సుజన ఆ బోర్డు తెచ్చి వాడి బల్ల మీద పెట్టింది. "నేను జల్ది పోతున్న. రేపు రాను. పరీక్ష నువ్వే నడుపు. బోర్డు మంచిగ సూస్కో" అని మెట్లు దిగిపోయింది.

వాడు వెంటనే తన డ్రైవరుతో చిప్పంతా చదివాడు. ఎక్కడా అక్షరం లేదు. ఒక్కటే తేడా. చెడ్డ బ్లాకులు మూడుండాలి, నాలుగని చూపిస్తోంది. "ఇంకోటి ఖరాబైందన్నా" అని నన్ను పిలిచాడు. నేను చేతిలో పనిమీంచి తలెత్తలేదు. "చవక చిప్పురా. పోతే పోనీ, వదిలెయ్" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

ఖాళీ అంటే కాదనడమే అనుకున్నాడు వాడు. వెళ్లి అడగరా అంటే, "చెప్పకుండనే చెప్పింది, ఇంకేం అడుగుతం" అన్నాడు. ఆదివారం ఇంట్లో పడి కుమిలిపోతాడేమోనని నా వెంట కూరగాయలకు లాక్కెళ్లాను. సోమవారం నుంచి సుజన వాడితో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టడం కూడా మానేసింది. దసరాలోపు పెళ్లి చేసుకుని వరంగల్ వెళ్లిపోయింది. కార్డు నా ఒక్కడికే ఇచ్చింది.

తర్వాత కంపెనీ మూతపడింది. ఎల్లేష్ నయాపూల్ దగ్గర చిన్న కొట్టు పెట్టుకున్నాడు. పాడైన మెమరీ కార్డుల్లోంచి, పెన్‌డ్రైవుల్లోంచి జనాల పెళ్లి ఫోటోలు బయటికి తీసిస్తాడు. వాడి పెళ్లి మాటెత్తితే "మస్తు పనుందన్నా" అంటాడు. ఆ పాత బోర్డు కొట్టులో మేకుకు వేలాడుతుండేది. దాని మీద సుజన చేత్తో రాసి అంటించిన నంబరు చీటీ, సిరా వెలిసిపోయి. మాట్లాడుతూ మాట్లాడుతూ వాడు దానివైపు చూసేవాడు. నాకు జాలేసేది, వెంటనే ఒళ్లూ మండేది. నోరు విప్పి ఒక్క మాట అడగడానికి ఏం రోగం?

రెండువేల తొమ్మిది వేసవిలో ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి రమ్మన్నాడు. కార్డుల కోసం కొత్త ప్రోగ్రాము రాసుకున్నాడట. ఇది గుర్తులూ గిర్తులూ పట్టించుకోకుండా చిప్పులో ఉన్నదంతా చదువుతుంది. ముందుగా పాత బోర్డు మీద నడిపి చూశాడు. తెర మీద నాలుగో చెడ్డ బ్లాకు తెరిచి ఉంది. చదివాను.

"బాపుకు చెప్పిన. ఐతారం పదకొండింటికి ఇంటికి రా. సాయంత్రం పరీక్షల పోవద్దని ఈ బ్లాకుకు చెడ్డ గుర్తు నేనే పెట్టిన. లెక్క నాలుగైతే నీకు తెల్వదా ఏంది."

"బ్లాకు చెడలేదన్నా" అన్నాడు ఎల్లేష్. "తొమ్మిదేండ్లయింది, ఒక్క అక్షరం పోలె."

"పోనీ అన్నది నేనేరా" అన్నాను ఎలాగో.

"నువ్వేం జేస్తవ్. చదవద్దని రాసింది నేను గద."

తర్వాత వాడే అడిగాడు.

"అన్నా, ఆ ఐతారం మనమేడున్నం?"

"ఆ ఆదివారమా? గుర్తులేదురా" అన్నాను. అబద్ధం.

వాడు తెర మీంచి కళ్లు తీయలేదు. "గుడిమల్కాపూర్ మార్కెట్ల. నువ్వు వంకాయలు ఏరుతున్నవ్, నేను సంచి పట్టుకొని నిలబడ్డ. పదకొండైంది, ఎండ ముదురుతుంది, ఇంటికి పోదాం పద అన్నవ్."