నాన్న రిటైర్మెంట్ రోజు మోగిన సైరన్

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఇల్లందు బొగ్గుబాయిలో పనిచేసే మా నాన్న రిటైరయ్యాడు. కాలనీలో టెంటు వేసి ఫంక్షన్ చేశాం. మెడలో దండతో నాన్న కుర్చీలో కూర్చున్నాడు. పాటలకు మా బ్యాండే, అందులో నాది గిటార్. పాదంతో తొక్కితే గిటార్‌ను ‘వా వా’ అనిపించే వా పెడల్ కొత్తగా కొన్నాను. దాన్ని ఎక్కడ కలపాలో తెలియక, శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ పెడల్ తర్వాత, గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే ఆంప్ వైపు కలిపాను.

తీగ మీటి పెడల్ తొక్కగానే ఆంప్ ఊళపెట్టింది. ఆ ఊళ పైకి లేచి, దిగి, మళ్లీ లేచింది. అచ్చం బాయి సైరనే! వేళకాని వేళ సైరన్ మోగితే బాయిలో ప్రమాదమని అర్థం. విస్తళ్ల ముందునుంచి ఆడవాళ్లు లేచి బాయి వైపు పరుగెత్తారు. అందరికంటే ముందు మా అమ్మ, చెప్పులైనా లేకుండా.

“యాడికురుకుతున్నవ్? నేనీడ్నే ఉన్న గదా!” అంటూ నాన్న దండతోనే వెంటపడ్డాడు.

అమ్మ ఆగి, ఆయన్ని తేరిపార చూసి భోరుమంది. “గా కూత ఇంటే నా కాళ్లు ఆగయి,” అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. గిటార్ వైరును ముందు వా పెడల్‌కు, దాన్నుంచి డిస్టార్షన్‌కు మార్చి కలిపాను. ఈసారి మెత్తగా పలికింది. పాట అయ్యేదాకా నాన్న అమ్మ చేయి వదల్లేదు.

ఆయన ఇన్నేళ్లు బాయిలోకి దిగుతుంటే, ఇంట్లో అమ్మ ఎలా బతికిందో నాకు ఆ రోజే తెలిసింది. నాన్న రిటైరైన సంగతి ఆమె కాళ్లకు మాత్రం ఇంకా తెలియలేదు.