నాయకుణ్ని ఇంట్లోకి పిలిచిన పూట

నాయకుడంటే ఎట్లా ఉండాలని ఎవరైనా అడిగితే, మా ఆయన చెప్పిన బొగ్గు బాయి సంగతే నాకు గుర్తొస్తుంది. గనిలో షిఫ్టు పనివాళ్లను నడిపించే సర్దార్ ముందుగా తానే లోపలికి పోయి, పైకప్పు తట్టి చూసి, బాగుందనుకుంటేనే మిగతావాళ్లను రమ్మనేవాడట. మా ఆయన పోయి చాలా ఏండ్లయింది గానీ, ఓట్లొచ్చినప్పుడల్లా లీడర్లను నేను ఆ కొలతతోనే చూస్తాను. కొలతకు ఆగినవాడు ఇంతవరకు దొరకలేదు. అయినా చూడటంలో ఒక సంబరం ఉంది.

మాది గోదావరిఖని పక్కన, ఓపెన్‌కాస్ట్ గనికి దగ్గర. మధ్యాహ్నం పూట గనిలో బ్లాస్టింగ్ చేస్తారు. ముందు సైరన్ మోగుతుంది. మోగగానే మా వాడకట్టంతా ఇళ్లు వదిలి రోడ్డు మీద నిలబడుతుంది. గోడలను నమ్మలేం మరి. మా పడకింటి గోడకైతే చెయ్యి దూరేంత పగులు. కాన్పుకొచ్చిన మనవరాలిని ఆ గదిలో పడుకోబెట్టే ధైర్యం లేక, మంచం వసారాలో వేశాం. ఎండాకాలం, వడగాలి, చేతిలో చంటిపిల్ల. నా ఫికరంతా ఆ గోడే.

గోడల రిపేరుకని మా వాడకు సిమెంటొచ్చింది. పంచుతానని వాడకట్టు లీడర్ తీసుకున్నాడు. ఒక్క బస్తా కూడా మా గడప తొక్కలేదు. ఆయన ఇంటి మీద మాత్రం ఇంకో అంతస్తు లేచింది.

పార్లమెంటు ఎన్నికలు దగ్గరపడ్డాక, ఆ లీడరే పోటీలో ఉన్న పెద్ద నాయకుణ్ని వెంటేసుకొచ్చాడు. ముందు ఆటో, దాని మీద మైకు. మీ గోడలన్నీ బాగుచేసింది మేమేనని ఒకటే మోత. వాళ్ల కారు మా వాడ మలుపు తిరిగిందో లేదో, సైరన్ మోగింది. రోజూలాగే అందరం బయటికొచ్చాం. ఒకామె చేతిలో గరిటె, ఇంకొకామెకు సగం దువ్విన తల. చంటిపిల్లతో ఉన్న బాలింతను నేను మెల్లగా నడిపించుకొచ్చి నీడకు కూర్చోబెట్టాను.

పెద్ద నాయకుడు కారు దిగి, మమ్మల్ని చూసి కరిగిపోయాడు. చేతులు జోడించాడు.

"ఇంత ఎండల నాకోసం ఇండ్లు ఇడిసి వచ్చిన్రు. మీ రుణం ఎట్ల తీర్సుకోవాలె తల్లీ."

పక్కింటి వదిన నా వీపు వెనక మొహం దాచుకుంది. "నువ్వే చెప్పు వదినె. నాకు నవ్వాగుతలేదు."

"నీకోసం కాదు బిడ్డా, బ్లాస్టింగ్ అయితదని వచ్చినం," అన్నాను. "అయినా వచ్చినవు గద. లోపటికి రా, చాయ్ తాగి పోదువు."

ఆయన మంచిగానే మా ఇంటి వైపు అడుగేశాడు. వాడకట్టు లీడర్ ఉరికొచ్చి అడ్డం నిలబడ్డాడు.

"వద్దు సార్, గా ఇంట్లకు పోవద్దు."

"ఎందుకయా, పెద్దమ్మ పిలుస్తుంటే?"

"సైరన్ అయింది సార్. గోడ మీద పడ్తది."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే అందరూ విన్నారు. ఆటో మీది మైకు ఇంకా గోడల గొప్పే చెబుతోంది.

"మరి బాగుచేసినమంటివి?" అన్నాడు పెద్దాయన.

"చేసిండు సార్," అంది వదిన. "ఆయన ఇల్లు చేసుకుండు."

అప్పుడే నేల అదిరింది. దుమ్ము లేచి, వాళ్ల తెల్ల చొక్కాలన్నీ మా గోడల రంగుకొచ్చాయి. మేమంతా పొట్ట పట్టుకుని నవ్వాం. పెద్దాయన కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. దుమ్ము తగ్గాక మా గడప దాకా వచ్చి, పగులును తొంగిచూశాడు. లోపలికి మాత్రం రాలేదు. పోతూ పోతూ వాడకట్టు లీడర్ చెవిలో ఏదో అన్నాడు. ఏమన్నాడో తెలియదు గానీ, మనిషి ముఖం మాడిపోయింది.

తెల్లారి ట్రాలీ ఆటోలో సిమెంటొచ్చింది. వాడకట్టు లీడరే బస్తా భుజాన పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు.

"అవ్వా, ఓటు సంగతి యాదుంచుకో మల్ల."

"మా సిమెంటు మాకిస్తే ఓటేంది కొడుకా? గా మూలకు పెట్టు, తడి తగులకుండ. ఇంకో బస్తా తే, నీకూ చాయ్ పోస్త."

బస్తా మూలకు దించి, ఇంకో బస్తాకు పోయాడు. పోలింగుకు ముందే మేస్త్రీ పని ముగించాడు. గోడ ఆరేదాకా ఆగి, మనవరాలి మంచం పడకింట్లోకి మార్చాం.