అడగకుండా నొక్కిన మీట

ఒక మనిషి తను చేయని తప్పును తనదే అనుకుని బతుకుతున్నాడు. అలా అనుకునేలా చేసింది నేను. ఇన్నేళ్లుగా ఈ బరువు మోస్తూనే ఉన్నాను. పేరు చెప్పుకునే ధైర్యం ఇప్పటికీ లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

అతన్ని ఇక్కడ దానియేలు అంటాను. అసలు పేరు అది కాదు. విశాఖపట్నం వన్ టౌన్‌లో చర్చిలకు, పందిళ్లకు లైట్ల బొమ్మలు కట్టేవాడు. గోడంత చట్రానికి వరసలుగా బల్బులు బిగించి, మోటారుతో తిరిగే చెక్క డ్రమ్ముకు రాగిరేకులు కొట్టి, ఆ డ్రమ్ము తిరిగేకొద్దీ రేకులు తగిలిన వరసలకు కరెంటు అంది చేప ఎగిరేలా, నక్షత్రం విచ్చుకునేలా చేసేవాడు. నేను రేడియోలు, టీవీలు బాగుచేసేవాణ్ణి. ఎనభైల నడుమ, ఓడలో పనిచేసే ఒకాయన దగ్గర టీవీకి తగిలించే చిన్న కంప్యూటర్ కొన్నాను. దానితో దానియేలు బల్బులను ఆడించాలని నా పంతం.

మొదట్లో అదొక నరకం. ఒక్కో బొమ్మకు, ఏ బల్బు వెలగాలో ఏది ఆరాలో, అంకెలుగా కొట్టాలి. ఒక అంకె తప్పితే ఓడ బొమ్మకు తెరచాప పోయేది. అందుకని కొత్త ప్రోగ్రాం రాశాను. తెర మీద గళ్లు. బాణం మీటలతో గడిలోకి వెళ్లి నొక్కితే అక్కడ చుక్క వెలుగుతుంది. ఇంకో మీట నొక్కితే బొమ్మ మొత్తం ఒక గడి పక్కకు జరుగుతుంది. తెర మీద ఏం మారితే బయట బల్బుల బోర్డు మీద అదే మారుతుంది. అంకెలు రానివాడు కూడా ఓడను నడిపించవచ్చు. నా జీవితంలో నేను చేసిన మంచి పని అదొక్కటే అనుకునేవాణ్ణి.

దానియేలుకు ఒకటే భయం. మెయిన్ స్విచ్ ఆపేస్తే ఏ బల్బు మాడిందో కనపడదు. అందుకని లైట్లవాళ్లు బొమ్మను వెలిగించే ఉంచి, ఆరిన వరసలో చెయ్యి పెట్టి పనిచేస్తారు. ఆరిన వరసలో కరెంటు ఉండదు. డ్రమ్ము కదిపేవాడు ముందు కేకేస్తాడు. నిచ్చెన మీదవాడు బదులిచ్చాకే కదుపుతాడు.

"డ్రమ్మయితే గిర్రుమని సప్పుడొస్తాది బావా," అన్నాడు. "నీ టీవీకి నోరెక్కడుంది? నాను సరే అననిదే మీట ముట్టుకోకు."

"నోరు నేను పెడతాలే బావా," అన్నాను.

పెట్టాను. బోర్డుకు ఏది పంపాలన్నా తెర మీద ఒక ప్రశ్న వచ్చేది: పంపనా? అది రాగానే కంప్యూటర్ ఉన్న గది కిటికీ దగ్గరికి వెళ్లి కేకేసి, అతను సరే అన్నాక అవునని నొక్కేవాణ్ణి.

ఆ క్రిస్మస్‌కు ఒక చర్చి ప్రహరీ మీద ఓడ బొమ్మ కట్టాం. మధ్యాహ్నం ఒక బట్టల వ్యాపారి చూడటానికి వచ్చాడు. నచ్చితే తన దుకాణానికి కట్టిస్తానన్నాడు. గదిలో నా వెనక నిలబడ్డాడు. గడి గడికీ ప్రశ్న వస్తోంది. ఓడ నత్తలా నడుస్తోంది.

"ఇదేటయ్యా, పెతీదానికీ అడుగుతాది? మా ఇంటిదే నయం," అని నవ్వాడు.

నాకు చెవులు వేడెక్కాయి. ప్రోగ్రాం ఆపి, అందులో ప్రశ్న అడిగే లైనును చెరిపేసి, మళ్లీ నడిపాను. ఓడ జర్రున జారింది. వ్యాపారి "అదీ!" అన్నాడు. ఆ ఒక్క మాట కోసమేనా? అవును, ఆ మాట కోసమే.

దానియేలు నిచ్చెన భుజాన వేసుకుని కిటికీ ముందునుంచి వెళ్లాడు. ఓడ కింద కెరటాల వరసలో ఒక బల్బు మాడింది. అతను వెళ్లడం నేను చూడలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. చూశాను. "ఎనక్కి కూడా వస్తాదా?" అన్నాడు వ్యాపారి. నా వేలు అప్పటికే మీట మీద ఉంది. నొక్కగానే ఆరి ఉన్న కెరటాల వరస వెలిగింది.

కేక వినిపించింది. తర్వాత నిచ్చెన పడిన చప్పుడు.

బయటికి పరుగెత్తాం. దానియేలు నేల మీద ఉన్నాడు. కుడిచేయి ఒంటి కింద విరిగి ఉంది. తలకు దెబ్బ తగిలింది. చర్చి పాస్టరు గారు వచ్చి నన్ను అడిగారు: "చెప్పకుండా నొక్కావా?"

"లేదండీ. అడిగాను. సరే అన్నాడు."

వ్యాపారి నా వైపు చూశాడు. గేటు వైపు నడిచాడు. తన దుకాణానికి కట్టమని మళ్లీ అడగలేదు. దానియేలును ఆసుపత్రికి తీసుకువెళ్లగానే నేను వెనక్కి వచ్చి, చెరిపిన లైనును మళ్లీ టైపు చేశాను. వేళ్లు తడబడలేదు. ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే.

తెలివి వచ్చాక అతనికి ఆ మధ్యాహ్నం గుర్తులేదు. నేను మంచం పక్కన కూర్చున్నాను. "నాను సరే అన్నానా బావా?" అని అడిగాడు. అప్పుడైనా చెప్పవచ్చు. నేను తల ఊపాను. "అనేసుంటాను. పరాగ్గా ఉన్నాను కావాల," అని కళ్లు మూసుకున్నాడు.

ఆ చేత్తో మళ్లీ స్క్రూడ్రైవర్ పట్టలేకపోయాడు, నిచ్చెన ఎక్కలేదు. బల్బులు, వైర్లు అమ్ముకునే చిన్న కొట్టు పెట్టాడు. నా ప్రోగ్రాం మాత్రం లైట్లవాళ్లు చాలామంది తీసుకున్నారు. సులువుగా ఉందని మెచ్చుకున్నారు. అతని కొట్టుకు వచ్చినవాళ్లకు అతను తన వంకర చేయి చూపించి చెప్పేవాడు: "తప్పు నాదే. సూసుకోకుండా సరే అన్నాను. మీరలా అనకండి." ఒకసారి నేను అక్కడే ఉన్నాను. నాకు టీ తెప్పించాడు. తాగాను.

ఎందుకు చెప్పలేదు? మొదట్లో జైలు భయం. తర్వాత పరువు. ఆ తర్వాత, ఇంత ఆలస్యంగా చెబితే చెప్పకపోవడమే పెద్ద తప్పుగా కనిపిస్తుందన్న భయం. పిరికితనానికి నేను పెట్టుకున్న పేర్లివి. చేయి పోయిందంటే అది ప్రమాదం అని సర్దుకోగలను. తన పనిలో తాను ఒళ్లు మరిచాడని ఆ మనిషి తనను తాను నమ్మించుకున్నాడే, దాన్ని దేని కింద జమకట్టను?

నేను అడగలేదు. అతను సరే అనలేదు. నేను కిటికీ దగ్గరికి కూడా వెళ్లలేదు. ఇది మీకు చెప్పాను, అతనికి చెప్పలేదు. ఈ రెండూ ఒకటి కాదని తెలుసు. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అదీ నాకే, అతనికి కాదు.