నల్లగొండలో ఒక్క రాత్రికి జాగా

లాడ్జి మనిషి తలుపు తీసి గది చూపించగానే మా నాయిన మంచం వైపు చూడలేదు. వంగి నేల చూశాడు. గోడ మూలల్లో చీమల బారు ఉందేమో చూశాడు. తర్వాత కిటికీలో చేయి పెట్టి, "గాలి ఎటు నుంచి వస్తది?" అని అడిగాడు. గొర్ల మందతో ఏడాదిలో ఆరు నెలలు ఊళ్లు తిరిగిన మనిషాయన. రాత్రికి ఎక్కడ ఆగాలన్నా ముందు వాలు, చీమలు, గాలి చూసుకుంటాడు. లాడ్జి మనిషి నా వైపు చూసి నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"నాయినా, ఇది చేను కాదు" అన్నాను పళ్లు నూరుతూ.

"ఏదైతేంది, పండుకునేది మనమే గద" అన్నాడు.

అప్పుడు నేను ఇంటర్ మొదటి ఏడు. తెలంగాణ వచ్చిన కొత్త. నల్లగొండలో రాష్ట్రస్థాయి పరుగు పందేలు పెట్టారు. పదిహేను వందల మీటర్లకు నా పేరు నేనే రాయించుకున్నాను. పరుగు నాకెవరూ నేర్పలేదు, మంద నుంచి తప్పిపోయిన మేకల వెనక ఉరికి ఉరికి వచ్చింది. జట్లుగా వచ్చిన పిల్లలకు హాస్టళ్లలో చోటు చూపించారు. నాలాగా ఒంటరిగా పేరిచ్చినవాళ్లు ఎవరి ఏర్పాటు వాళ్లే చేసుకోవాలన్నారు. పందెం పొద్దున ఏడింటికి. కల్వకుర్తి దగ్గరి మా ఊరి నుంచి ఆ పొద్దున బయల్దేరితే అందదు. అందుకే ముందురోజే వచ్చాం. బస్సు ఎక్కేముందే నాయిన ఒక మాట అన్నాడు: సాయంత్రం ఆరింటి బస్సు వచ్చేలోపల పండుకునే జాగా దొరక్కపోతే తిరిగి ఇంటికే. ఆడపిల్లను వెంటేసుకుని బస్టాండులో పండుకోను అన్నాడు.

ఆ గది కిరాయి వినగానే నాయిన చేయి కిటికీలోంచి తీసేశాడు. మామూలు రోజుల కంటే మూడింతలు చెప్పాడు ఆ పెద్దమనిషి. పైగా, "ఆటలు కదా, రేపైతే ఇదీ ఉండదు" అని దయ చూపిస్తున్నట్టు ఒక మాట. రెండో లాడ్జిలో ఆధార్ కార్డు అడిగారు. నాయినది ఇంట్లోనే ఉంది. జేబులోంచి గొర్ల సొసైటీ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు, దాని మీద ఫొటో ఉంది, ముద్ర ఉంది, ఇంకేం కావాలని. బల్ల వెనకాయన దాన్ని ఒక్క వేలితో వెనక్కి తోశాడు. ఆ వేలిని నేను ఇప్పటికీ క్షమించలేదు. మూడో చోట గదులన్నీ ఆటల వాళ్లకే పోయాయి. నాలుగో చోట గుమ్మంలోనే పలక వేలాడుతోంది, గదులు లేవని. అయినా నాయిన లోపలికి వెళ్లి అడిగి వచ్చాడు. మధ్యాహ్నం నుంచి ఆ ఎండలో గడియారం స్తంభం చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో, పందెం దూరం అప్పుడే అయిపోయి ఉంటుంది.

అయిదింటికి బస్టాండుకు చేరాం. నాయిన బస్సు ఆగే చోటుకు పోయి నిల్చున్నాడు. నేను బల్ల మీద సంచీ పెట్టుకుని కూర్చున్నాను.

"నేను రాను. నువ్వు పో" అన్నాను.

"మతి ఉన్నదా నీకు?"

"ఈడికి దగ్గర్నే, పానగల్లు దిక్కు మనం మంద పెట్టే పటేల్ ఉన్నడు గద. ఆయనింటికి పోదాం."

నాయిన మొఖం మాడ్చుకున్నాడు. మంద పెట్టడమంటే కోతలైపోయిన చేనులో రాత్రుళ్లు గొర్లను ఆపడం. రైతుకు ఎరువు, మాకు తిండీ నాలుగు గింజలూ. పటేల్ అంటే పెద్ద భూస్వామి ఏమీ కాదు, నాలుగెకరాల రైతు. ఏటా కబురు పంపి మా మందను పిలిపించుకునేవాడు. నాలుగేళ్ల కింద ఆ చేను సగం ప్లాట్లు చేసి అమ్మాడని విన్నాం. అప్పటి నుంచి కబురు లేదు, మేమూ పోలేదు.

"రైతు పిలిస్తెనే మంద పోవాలె, మంద ఉంటెనే మనం పోవాలె. ఉత్త చేతులతోని ఏ మొఖం పెట్టుకొని పోతం?" అన్నాడు నాయిన.

"నా మొఖం పెట్టుకొని పోదాం" అన్నాను. ఆ వయసులో నోటికి బ్రేకులుండవు. సంచీని రెండు చేతులా పట్టుకుని బల్ల మీదే కూర్చున్నాను. నాయిన బస్సు వచ్చే దారి చూసి, నా చేతుల్లోంచి సంచీ తీసి భుజాన వేసుకున్నాడు. అక్కడికి పోయాక కాదంటే ఆరింటి బస్సూ ఉండదని ఇద్దరికీ తెలుసు.

నాయిన నేరుగా ఇంటికి పోలేదు, చేనుకు పోయాడు. ఆయనకు తెలిసిన దారి అదొక్కటే. సగం చేనులో హద్దురాళ్లు పాతి ఉన్నాయి. మిగిలిన ముక్కలో ఒక ముసలాయన పార పట్టుకుని నీళ్లు మళ్లిస్తున్నాడు. నాయిన గట్టు మీదే ఆగిపోయాడు. గొంగడి సర్దుకున్నాడు, దగ్గాడు, మళ్లీ సర్దుకున్నాడు. ముసలాయనే తలెత్తి చూశాడు.

"ఏం తమ్మీ, మంద ఏది?" అన్నాడు, నిన్న సాయంత్రమే విడిపోయినట్టు.

"మంద లేదు పటేలా. బిడ్డను తోల్కొచ్చిన. పొద్దుగాల ఉరుకుడు పందెమున్నది. పండుకోనికి ఏడ జాగ దొరుకలే."

"ఎన్ని రాత్రులు?"

మంద వచ్చినప్పుడు అడిగే మాటే అది. నాయిన ఒక వేలు చూపించాడు. పటేల్ పార కడుక్కుని మా ముందు నడిచాడు. కొంతదూరం పోయాక వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "మీ గొర్లు పండుకున్న చేను ఎన్నేండ్లు నా ఇల్లు నింపింది. నీ బిడ్డకు ఒక్క రాత్రి జాగ ఇయ్యనా?"

మా నాయిన కళ్లు తుడుచుకోవడం నేను అంతకుముందు చూడలేదు. లాడ్జిలో ఆయనను చూసి సిగ్గుపడినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంట్లో పటేలమ్మ మమ్మల్ని చూసి పెద్దగా ఆశ్చర్యపోలేదు, ఇంకో సోలెడు బియ్యం ఎసట్లో పోసింది. నాయిన అలవాటుగా బయట అరుగు మీద కూర్చుంటే లోపలికి కేకేసింది. "ఇన్నేండ్లు బువ్వ చేనుకే పంపితి. సల్లగ తిన్నవో వేడిగ తిన్నవో నాకెట్ల తెలుస్తది? ఇయ్యాల నా ముంగట తిను." నాయిన కంచం ముందు బడిపిల్లాడిలా ముడుచుకుని కూర్చున్నాడు. నాకోసం టీవీ ఆపేసి, ఉన్న ఒక్క కూలరును నా మంచం వైపు తిప్పి, ఎనిమిదింటికే అందరినీ పడుకోమంది. నాయిన లేచి నా మంచం కింద చీమలు చూసి వచ్చాడు. ఈసారి నేనేమీ అనలేదు.

తెల్లవారి లేచేసరికి పాలు కాగి ఉన్నాయి. నాలుగింటికే లేచి కట్టిచ్చిన జొన్నరొట్టె పందెమయ్యాక తినాలని పటేలమ్మ, ఇప్పుడే తినాలని పటేల్ వాదించుకున్నారు. పటేల్ నన్ను మోపెడ్ మీద మైదానంలో దింపి చేనుకు పోయాడు. నాయిన నడుచుకుంటూ వచ్చాడు.

నేను ఆరోదాన్నయ్యాను. సాకులు చెప్పను. ఒళ్లు హాయిగా ఉంది, కడుపు చల్లగా ఉంది, అందుకే పొగరెక్కి మొదటి చుట్టంతా అందరికంటే ముందు ఉరికాను. మూడో చుట్టుకు ఊపిరి అందలేదు. ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. మొదటి ఇద్దరినే పై పోటీలకు తీసుకున్నారు.

నాకు భయమంతా ఆ ఇంటికి తిరిగి పోవడమే, సంచీ అక్కడే ఉంది. వాళ్ల పాలు తాగి, వాళ్ల కూలరు గాలికి పడుకుని ఆరోదాన్నయ్యానని ఏ నోటితో చెప్పను? దారంతా అబద్ధాలు అల్లుకున్నాను. కాలు మడత పడిందందామనుకున్నాను. కొంచెం కుంటి కూడా చూశాను. నాయిన నవ్వాడు.

పటేలమ్మ వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. "తిన్నవా?" అంది. రొట్టె మూట అలాగే ఉంది. అక్కడే కూర్చోబెట్టి తినిపించింది. ఎన్నోదానివి వచ్చావని ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అని ప్రతి ముద్దకూ చూశాను.

"గీ పందేలు మల్ల ఎప్పుడు పెడ్తరు బిడ్డా?" అంది చివరికి.

"వచ్చే ఏడు."

"అయితే గా లాడ్జిల పొంటి తిరగకుండ్రి. బస్సు దిగి సక్కగ ఇంటికి రాండ్రి."

అంతే. ఇంకేమీ అడగలేదు. బస్సులో దేవరకొండ దాకా ఏడ్చాను, ఓడిపోయినందుకు మాత్రం కాదు.

మరుసటి ఏడూ పోటీలు నల్లగొండలోనే పడ్డాయి. బస్సు దిగి ఒక్క లాడ్జి మెట్టు కూడా ఎక్కకుండా పానగల్లు దారి పట్టాం. ఆ ఏడు రెండోదాన్నయ్యాను. పటేలమ్మ అప్పుడు కూడా తిన్నావా అనే అడిగింది. నేనే ఆగలేక, రెండోదాన్ని వచ్చానని వాకిట్లోంచే అరిచి చెప్పాను.