ఎకో రాని శుక్రవారం

మీరెప్పుడైనా మైపాడు వైపు వస్తే, మా ఊళ్లో నా పేరు చెప్పి దారి అడక్కండి. దారి చూపిస్తారు, టీ కూడా ఇస్తారు. కానీ దానికి ముందు నా పేరు విని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎవరో ఒకరు నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంటారు. ఇంకెవరో మెల్లగా "ఆమేన్" అంటారు. ఆరేళ్ల కిందట ఒక శుక్రవారం పొద్దున, మా ఇంటి గుమ్మం కూడా దాటకుండా, ఇరవై ఎనిమిది ఇళ్ల ముందు నా పరువు నేనే తీసుకున్నాను. ఎలాగో చెబుతాను. చదివాక నన్నేమైనా అనుకోండి, మా అమ్మను మాత్రం ఏమీ అనొద్దు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. చెన్నైలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం, ఇంటి నుంచే పని. మేం చేసే పనేమిటంటే, ఫోనులో మనం మాట్లాడిన మాట ఒక్కోసారి అవతలి వాళ్ల స్పీకర్లోంచి బయటికొచ్చి, వాళ్ల మైకులోనే దూరి, మళ్లీ మన చెవికే తిరిగొస్తుంది కదా. అదే ఎకో. దాన్ని దారిలోనే చంపేసేదాన్ని ఎకో క్యాన్సిలర్ అంటారు. అది నిజంగా చంపిందా, చంపానని ఊరికే చెబుతోందా అని చూసే సాఫ్ట్‌వేర్ మాది. లైనులోకి ఒక మాట పంపుతుంది, ఎంత తిరిగొచ్చిందో కొలుస్తుంది, మార్కు వేస్తుంది. సున్నా వస్తే ఎకో పూర్తిగా పోయినట్టు. నేను చేరిన తొమ్మిది నెలల్లో సున్నా నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ వైరు ఊడిపోయి ఉంది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

మా చర్చికి ఒక ప్రార్థన లైను ఉంది. తెల్లారేసరికి రొయ్యల చెరువుల మీదికి వెళ్లేవాళ్లు, వేటకు పోయేవాళ్లు, బడికి బస్సెక్కేవాళ్లు అందరూ ఒకచోట చేరలేరు. అందుకని ప్రతి శుక్రవారం పొద్దున అందరూ ఒకే నంబరుకు ఫోను చేసి కలుస్తారు. ఆరింటికి ముందు ఐదు నిమిషాలు మౌనప్రార్థన. ఆ తర్వాత ఆ వారం ప్రార్థన నడిపేవాళ్లు బైబిలు వాక్యం చదివితేనే మిగతావాళ్లు నోరు విప్పాలి. అంతవరకు పిడుగు పడినా ఎవరూ మాట్లాడరు.

అంతకు రెండేళ్ల ముందు మా అమ్మ వంతు వచ్చింది. అమ్మ పేరు కరుణమ్మ, జాకెట్లు కుడుతుంది. నలుగురిలో నోరెత్తని మనిషి. వారం రోజులు వల్లెవేసి, "ప్రభువా" అని మొదలుపెట్టింది. ఒక్క క్షణం ఆగి, ఫోనులోంచి "ప్రభువా" అని తిరిగొచ్చింది. "నీ పాదాల చెంతకు" అంది. "పాదాల చెంతకు" అని వచ్చింది. ఎవరో తనను వెక్కిరిస్తున్నారనుకుంది అమ్మ. అక్కడితో ఫోను పెట్టేసింది. ఆ రోజంతా అన్నం తినలేదు. నాకు ఇప్పటికీ ఆ మొహం గుర్తుంది.

మళ్లీ వంతు వచ్చేసరికి, "ఈసారి కూడా అట్టా అయితే నేనింక చర్చిలో నోరు తెరవను రా సుధాకరూ. కడగొట్టు బెంచీలో కూర్చోని వస్తా," అని తేల్చి చెప్పింది.

"నేనుండగా నీకెందుకమ్మా భయం? నా ఉద్యోగమే ఎకోని చంపేది," అన్నాను. ఇరవై నాలుగేళ్ల వయసులో మనిషి ఇలాంటి మాటలు అంటాడు, క్షమించండి.

మా మేనేజరును అడిగితే, నిజం మనుషుల మీద టెస్టు చేయడం మంచిదేనని ఒప్పుకున్నాడు. వారం పాటు కూర్చుని, ప్రార్థన లైనంతా నా లాప్‌టాప్ మీదుగా వెళ్లేలా కలిపాను. నేనే ఒక ఎకో క్యాన్సిలర్ రాసి పెట్టాను. మా వాళ్ల ఇళ్లు నాకు తెలుసు కాబట్టి కోళ్లు, కుక్కర్లు, దగ్గులు కూడా లైనులోకి రాకుండా అడ్డం పెట్టాను. అమ్మ మాట్లాడటానికి లాప్‌టాప్ మైకే సిద్ధం చేశాను.

శుక్రవారం ఆరింటికి ఐదు నిమిషాల ముందు లైను తెరిచాను.

ఏమీ వినబడలేదు. మౌనప్రార్థన సంగతి నాకు తెలియక కాదు. కానీ మా లైనులో మౌనమంటే ఏమిటో మీకు తెలియదు. కోళ్లు కూస్తాయి, కుక్కర్లు అరుస్తాయి, ఎవరింట్లోనో బిందె పడుతుంది. ఇప్పుడు ఒక్క కోడి లేదు. "అలో, అలో" అన్నాను. నా మాట తిరిగి రాలేదు. "ఒకటి, రెండు, మూడు" అన్నాను. రాలేదు. టెస్టు నడిపాను. మార్కు సున్నా.

ఇప్పుడు మీరే చెప్పండి, నా స్థానంలో ఉంటే ఏమనుకుంటారు? నా ప్రోగ్రాం మొదటిసారే పనిచేసిందని అనుకుంటారా? నేను అంత పొగరుబోతును కాదు. లైను చచ్చిందనుకున్నాను.

అమ్మ తల మీద కొంగు కప్పుకుని, నాలుగు పేజీల ప్రార్థన చేతిలో పట్టుకుని గదిలోకి వచ్చింది. 

"కలిసిందా రా?"

"లేదమ్మా, ఏదో వైరు ఊడినట్టుంది. నువ్వు కూర్చో, చూస్తాను. ఆ ఛార్జరు ఇటివ్వు, బ్యాటరీ కూడా ఇరవై ఎనిమిదికి వచ్చింది."

స్క్రీన్ మూలన ఇరవై ఎనిమిది అని కనబడింది మరి. అది బ్యాటరీ కాదని ఆ తర్వాత తెలిసింది.

"నాకు భయంగా ఉండాది రా. అంతమంది వింటా ఉంటే ఎట్టా మాట్లాడేది?"

తల్లికి ధైర్యం చెప్పాలని ఏ కొడుక్కు ఉండదు? నేను బల్ల కింద దూరి వైర్లు వెతుకుతూ, గొంతు పెంచి ధైర్యం చెప్పాను.

"అసలెవరు వింటారమ్మా? దావీదు తాతయ్య ఫోను దిండు పక్కన పెట్టుకుని నిద్రపోతాడు. మధ్యలో ఆమేన్ అంటాడే, అది భక్తి కాదు. అవ్వ మోచేత్తో పొడిస్తే వచ్చే శబ్దం."

దావీదు తాతయ్య మా సంఘ పెద్ద.

"ఛీ, తప్పు రా. పెద్దాయన్ని పట్టుకోని," అంది అమ్మ. కానీ పెదవి చివర కదిలింది. నేను చూశాను. అదే నా కొంప ముంచింది.

"మోషే అన్న సంగతి చెప్పనా? ఫోను బైకు సీటు మీద పెట్టి, చెరువులో మేత చల్లుతుంటాడు. మనందరికంటే ఆ రొయ్యలే ఎక్కువ ప్రార్థన విన్నాయి. ఇక పాస్టరు అయ్యగారు ప్రసంగంలో మూడు సంగతులంటాడు కదా, ఎప్పుడైనా విన్నావా? మూడోది ఎప్పుడూ మొదటిదే."

అమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని నేను బల్ల కిందే రెచ్చిపోయాను.

"రత్నకుమారి టీచరమ్మ ప్రార్థన చేస్తే దేవుడు కూడా చేతులు కట్టుకుని నిలబడాలి. ఆయనకు కూడా హాజరు వేస్తుంది ఆమె."

ఇక్కడ మా అమ్మ, నలుగురిలో నోరెత్తని మా అమ్మ, కళ్లు తుడుచుకుంటూ అంది: "అది నిజమే రా. పోయిన క్రిస్మస్‌కి జాకెట్టు రెండు రోజులు ఆలస్యమైతే, నాతో ఒక్క మాట అన్లేదు. నేరుగా ప్రార్థనలో దేవుడికి చెప్పినాది. మాట తప్పేవాళ్లను సరిచేయి ప్రభువా అని!"

ఇద్దరం నవ్వాం. బాగా నవ్వాం. కడుపు పట్టుకుని నవ్వాం. మా నవ్వు ఆగిన చోట, గదిలో మా పక్కనే నిలబడి పలికినట్టు ఒక ముసలి గొంతు వినిపించింది.

"సుధాకరూ."

నా తల బల్లకు కొట్టుకుంది.

"లైను భలే బాగుండాది నాయనా," అన్నాడు దావీదు తాతయ్య. "ఒక్క ముక్క కూడా పోలేదు."

 బల్ల కిందనుంచి తల బయటపెట్టి స్క్రీన్ చూశాను. మూలన ఉన్న ఇరవై ఎనిమిది కింద, చీమంత అక్షరాల్లో, "కలిసినవారు" అని ఉంది. వైర్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇరవై ఎనిమిది ఇళ్లు, వాటిలో భార్యలు, భర్తలు, పిల్లలు, అవ్వలు, మౌనం పాటించి, నియమం తప్పకుండా, మమ్మల్ని మొదటినుంచీ విన్నారు. బల్ల కింద భూమి ఎందుకు చీలలేదో ఈ రోజుకీ నాకు అర్థం కాదు.

"తాతయ్యా, అదీ, టెస్టింగు..." అన్నాను.

"టైమయింది నాయనా. అమ్మను మొదలుపెట్టమను."

నేను అమ్మ వైపు చూడలేకపోయాను. రెండేళ్ల కిందట తన మాట తిరిగొస్తేనే అన్నం మానేసిన మనిషి. ఇప్పుడు లేచి వెళ్లిపోతుంది, జన్మలో చర్చి మెట్లెక్కదు, అంతా నా వల్లే అనుకున్నాను. నిజంగా ఏడుపొచ్చింది.

అమ్మ వెళ్లలేదు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. నాలుగు పేజీల కాగితం మడిచి నా నెత్తిన ఒకటి వేసి, పక్కన పడేసింది. కుర్చీ ముందుకు లాక్కుని, వాక్యం చూడకుండానే చెప్పి, "ప్రభువా" అంది.

ఆగింది. తిరిగొస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు.

"ప్రభువా," అంది మళ్లీ, ఈసారి గట్టిగా. "వీడు నా కడుపునే పుట్టినాడు. అది నీకు తెలుసు, ఈ లైనులో ఉండేవాళ్లందరికీ తెలుసు. కుట్టు మిషను తొక్కి చదివించినాను. ఏం చదివినాడో ఇప్పుడే అందరం విన్నాము."

"ఆమేన్!" అన్నారు ఇరవై ఎనిమిది ఇళ్ల వాళ్లు. అంత గట్టి ఆమేన్ మా లైనులో అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

"వీడి నోటికి నువ్వే ఒక కాపలా పెట్టు ప్రభువా. వైరు ఊడిందో లేదో చూసుకునే జ్ఞానం ఇయ్యి."

"ఆమేన్!"

"నేనూ నవ్వినాను. నా నోరూ ఊరుకోలేదు. నన్నూ క్షమించు. జాకెట్టు ఆలస్యమైంది నిజమే. కానీ టీచరమ్మగారు కొలతలు మూడుసార్లు మార్చినారు. అదీ నీకు తెలుసు."

 ఈసారి రత్నకుమారి టీచరమ్మ గొంతు ఒక్కటే, జీవితంలో మొదటిసారి చిన్నగా, "ఆమేన్" అంది.

అమ్మ ఇరవై నిమిషాలు ఆగకుండా ప్రార్థన చేసింది. తడబడలేదు. చెరువుల కోసం, వేటకు పోయినవాళ్ల కోసం, దావీదు తాతయ్య నడుం నొప్పి కోసం, పేరుపేరునా చేసింది. మధ్యమధ్యలో మళ్లీ నా దగ్గరికి వచ్చింది. నేను బల్ల కిందే ఉన్నాను, బయటికి రావడానికి నాకు మొహం లేదు.

ఎనిమిదింటికి మోషే అన్న ఫోను చేశాడు. "తమ్ముడూ, మేత చల్లేది నిజమే గానీ, నీకెట్టా తెలిసింది?" అన్నాడు. ఆ ఆదివారం అయ్యగారు నాలుగు సంగతులు చెప్పారు. నాలుగోది చెప్పేటప్పుడు నన్నే చూశారు. టీచరమ్మ ఇంకో జాకెట్టు కుట్టమని గుడ్డ పంపింది, కొలతల కాగితం మీద సంతకం పెట్టి మరీ.

నేను మేనేజరుకు రిపోర్టు పంపాను: నిజం మనుషులు, నిజం లైను, ఎకో సున్నా. ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది. "సున్నా రాదు. వైరు ఊడి ఉంటుంది, చూడు."

"సార్, ఇరవై ఎనిమిది ఇళ్ల సాక్ష్యం ఉంది," అని రాశాను. ఆయన నమ్మలేదు.

అమ్మ ఇప్పుడు ప్రతి శుక్రవారం ప్రార్థన నడుపుతోంది. సంఘం వాళ్లే అడిగి ఇచ్చారు. కాగితం చూడదు. చివర్లో "నా కొడుకు సుధాకర్ నోటి కోసం" అనే మాట ఇప్పటికీ తప్పదు, ఆ ఆమేన్ జోరూ తగ్గలేదు.

ఒట్టు పెట్టకూడదని అమ్మ అంటుంది కాబట్టి, మాట మాత్రం ఇస్తున్నాను. సకల జనులారా, వినండి. నేను రాసిన ప్రోగ్రాం పనిచేయలేదని గానీ, మా అమ్మకు ధైర్యం చాలదని గానీ, బతికి ఉండగా ఇంకెప్పుడూ అనుకోను.